లావెర్న్ బేకర్ పాట, దాని నకలు

అమెరికాలో నల్లజాతివాళ్ళు పాడిన గ్రామఫోను రికార్డులను 1949 వరకు 'రేస్ రికార్డులు' అనేవారు. అంటే జాతి రికార్డులు. బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ 'రిథమ్ అండ్ బ్లూస్' అనే మాట సూచించాడు. ఆ ఏడాది జూన్‌లో పట్టిక పేరు మారింది. పేరు మారినా పట్టిక మాత్రం వేరుగానే ఉండిపోయింది. తెల్లవాళ్ళ పాటలకు పాప్ పట్టిక, నల్లవాళ్ళ పాటలకు ఇది. మనకు పేర్లు పెట్టిందీ బయటివాళ్ళే కనుక ఈ సంగతి మనకు తొందరగానే అర్థమవుతుంది.

లావెర్న్ బేకర్ 1929లో చికాగోలో పుట్టింది. ఇరవై ఏళ్ళు నిండకముందే అక్కడి క్లబ్బుల్లో పాడింది. అప్పటి ఆమె పేరు 'లిటిల్ మిస్ షేర్‌క్రాపర్'. షేర్‌క్రాపర్ అంటే సొంత భూమి లేక, దొర పొలాన్ని పంటలో పాలుకు దున్నేవాడు. దక్షిణాది పొలాలు వదిలి పట్నానికి వచ్చిన జనం, పల్లెటూరి పాత బట్టల్లో వచ్చి పాడే ఆ పిల్లను చూసి నవ్వుకునేవారు. ఆ వేషం కూడా ఆమె సొంతం కాదు. మిల్డ్రెడ్ కమ్మింగ్స్ అనే గాయని అప్పటికే 'లిటిల్ మిస్ కార్న్‌షక్స్' పేరుతో, ఉత్త కాళ్ళతో, చేత బుట్ట పట్టుకొని పాడుతుండేది. ఆమెను ఈరోజు గుర్తుపెట్టుకున్నవాళ్ళు మరీ తక్కువ. పాటలోళ్ళు ఒకరి దగ్గర ఒకరు తీసుకోవడం ఎక్కడైనా ఉన్నదే, మేము దాన్ని తప్పు పట్టం. తీసుకున్న తర్వాత డబ్బు ఎవరి చేతికి పోయిందన్నదే మా ప్రశ్న.

మొదటి రికార్డుల మీద ఆమె పేరే నిలకడగా లేదు. ఒకదాని మీద షేర్‌క్రాపర్, ఇంకొకదాని మీద బీ బేకర్. 1952లో టాడ్ రోడ్స్ బృందంతో కింగ్ కంపెనీకి పాడినప్పుడు లావెర్న్ బేకర్ అయ్యింది. మరుసటి ఏడాది అట్లాంటిక్ కంపెనీలో చేరింది. అక్కడ 1954 చివర విన్‌ఫీల్డ్ స్కాట్ రాసిన 'ట్వీడ్లీ డీ' రికార్డు చేసింది. పిల్లల పాటలాంటి తేలిక పాట. దానికి బరువు తెచ్చింది ఆమె గొంతే. మాట చివర ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో ఆమెకు తెలుసు.

అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 4వ స్థానానికి, పాప్ పట్టికలో 14వ స్థానానికి వచ్చింది. ఇంతలో మెర్క్యురీ కంపెనీ అదే పాటను జార్జియా గిబ్స్ అనే తెల్ల గాయని చేత పాడించింది. అదే నడక, అదే వాయిద్యాల వరుస, వెనక అవే పలుకులు. అది పాప్ పట్టికలో 2వ స్థానం దాకా పోయింది. తెల్లవాళ్ళ రేడియో స్టేషన్లు చాలావరకు ఆ రికార్డునే వేశాయి.

డబ్బు లెక్క ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి. పాట రాసినవాడికి ఏ రికార్డు అమ్ముడైనా వాటా వస్తుంది. పాడినవాళ్ళకు మాత్రం తమ రికార్డు అమ్మకం మీదే రాయల్టీ. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం రాసిన పాటనే కాపాడింది, పాడిన తీరును కాదు. అంతకుముందు ఇలాంటిదే ఒకటి కోర్టుకు ఎక్కింది. పాలా వాట్సన్ అనే నల్ల గాయని పాడిన పాటను డెక్కా కంపెనీ ఎవలిన్ నైట్‌తో పాడిస్తే, వాట్సన్ కంపెనీ దావా వేసింది. పాటను అమర్చిన తీరు ఆస్తి కాదని 1950లో తీర్పు వచ్చింది. పైగా జడ్జి డెక్కా రికార్డే మెరుగ్గా ఉందన్నాడు!

లావెర్న్ ఊరుకోలేదు. 1955లో డెట్రాయిట్ నుంచి కొత్తగా గెలిచిన నల్లజాతి ప్రతినిధి చార్లెస్ డిగ్స్‌కు ఉత్తరం రాసింది. తన పాట ఎవరైనా పాడుకోవచ్చు గాని, స్వరం స్వరం దించుకోవడాన్ని చట్టం ఆపాలని అడిగింది. తనకు 15,000 డాలర్ల దాకా నష్టం వచ్చిందని లెక్క చెప్పింది. చట్టం మారలేదు. విమానం ఎక్కేముందు బీమా తీసుకొని, తాను పోతే ఆ సొమ్ము గిబ్స్‌కు అందాలని రాసిందని ఒక కథ చెబుతారు. నేను లేకపోతే నీకు పాటలెక్కడివి అని ఎత్తిపొడుపు.

1972 ఫిబ్రవరి నుంచి అక్కడ రికార్డులకూ రక్షణ వచ్చింది. కానీ వేరొకరు కొత్తగా పాడి అచ్చం అలాగే వినిపిస్తే, ఆ కాపీరైట్ చట్టం ఇప్పటికీ అడ్డు చెప్పదు. మన దేశంలో 1994 సవరణతో ప్రదర్శన చేసేవాళ్ళకు హక్కు వచ్చింది. గాయకులతోపాటు గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. మా ఊళ్ళలో పెళ్ళిపాట పాడే అవ్వ కూడా అందులోకి వస్తుంది. ఆమె ఒప్పుకోకుండా ఆ పాటను రికార్డు చేసి వాడుకోకూడదు. ఫోనులో ఎక్కించుకొనే మన పిల్లలు ముందుగా ఆమెను అడగాలి, ఆమె పేరు, ఊరు, తారీఖు రాసుకోవాలి. ఈ పని బడిలో నేర్పించడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

లావెర్న్ తర్వాత 'జిమ్ డాండీ'తో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. 1960ల చివర వియత్నాంలో సైనికుల కోసం పాడటానికి వెళ్ళి జబ్బుపడి, ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే నౌకా స్థావరంలో కోలుకుంది. అక్కడే సైనికుల క్లబ్బులో వినోద కార్యక్రమాలు చూస్తూ ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఉండిపోయింది. 1988లో అట్లాంటిక్ నలభై ఏళ్ళ వేడుకకు న్యూయార్క్ వచ్చి మళ్ళీ పాడింది. చక్కెర జబ్బుతో రెండు కాళ్ళూ పోయాక చక్రాల కుర్చీలో కూర్చొని పాడింది. 1997 మార్చి 10న చనిపోయింది. ఆమెను న్యూయార్క్‌లోని మేపుల్ గ్రోవ్ శ్మశానంలో పాతిపెట్టారు. పదకొండేళ్ళ దాకా ఆ చోట పేరు రాసిన రాయి లేదు. స్థానిక చరిత్రకారులు చందాలు పోగుచేసి 2008లో రాయి వేయించారు.