తెల్లవారుజామున నాలుగో నంబరు కోర్టులో

2015 జూలై 30. రాత్రి మూడు దాటింది. ఢిల్లీ తిలక్ మార్గ్‌లో సుప్రీంకోర్టు బయట టీవీ చానళ్ల బళ్లు బారులు తీరి ఉన్నాయి. గేటు దాటి లోపలికి వస్తే, ఈ వేళప్పుడు నాలుగో నంబరు కోర్టు హాలు తెరిచి ఉంది. నల్లకోట్లలో లాయర్లు, పెన్నులు పట్టుకున్న విలేకరులు. ఎవరికి చోటు దొరికితే వాళ్లు అక్కడ నిలబడుతున్నారు. మీరూ ఓ మూల నిలబడండి.

నాగపూర్ సెంట్రల్ జైల్లో యాకూబ్ మెమన్‌ను ఉదయం ఏడింటికి ఉరి తీయాలని వారంట్ ఉంది. ఈరోజే అతని యాభై మూడో పుట్టినరోజు. 1993 మార్చి 12న బొంబాయిలో వరుసగా పేలిన బాంబులకు 257 మంది బలయ్యారు. ఆ కుట్రలో అతని పాత్రకు పడిన శిక్ష ఇది. ఇంటిమనిషి శవం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాల గోడు మరిచిపోయి ఈ హాల్లో ఎవరూ మాట్లాడకూడదు.

మూడుంపావు దాటాక న్యాయమూర్తులు వచ్చి కూర్చున్నారు. దీపక్ మిశ్రా, ప్రఫుల్ల చంద్ర పంత్, అమితవ రాయ్. నిన్న పగలు ఈ వారంట్‌ను సమర్థించింది ఈ ముగ్గురే. నిన్న రాత్రి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ క్షమాభిక్ష తిరస్కరించారు. లాయర్లు కాగితాలు పట్టుకుని అర్ధరాత్రి ప్రధాన న్యాయమూర్తి ఇంటికి పరుగెత్తబట్టే ఈ తలుపులు తెరుచుకున్నాయి.

మెమన్ తరఫు లాయరు ఆనంద్ గ్రోవర్ లేచారు. ఆయన అడుగుతున్నది పద్నాలుగు రోజులు. క్షమాభిక్ష తిరస్కరణ చేతికందాక ఉరికి కనీసం అంత గడువుండాలని 2014లో ఈ కోర్టే చెప్పింది. మనిషి కుటుంబాన్ని చూసుకోవాలి, చావుకు మనసును సిద్ధం చేసుకోవాలి, తిరస్కరణను ప్రశ్నించే హక్కునూ వాడుకోవాలి. అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ ఒప్పుకోవడం లేదు. తమ్ముడి తరఫున అన్న పెట్టుకున్న అర్జీని రాష్ట్రపతి 2014లోనే తోసిపుచ్చారు, మళ్లీ మళ్లీ అర్జీలు పెడుతూ పోతే ఏ ఉరీ అమలు కాదు అన్నది ఆయన వాదన.

ఐదు కావస్తోంది. జస్టిస్ మిశ్రా ఉత్తర్వు చదువుతున్నారు. స్టే లేదు. ముద్దాయికి అవకాశాలన్నీ దక్కాయన్నది ధర్మాసనం మాట. ఏడింటికి కాస్త ముందే నాగపూర్‌లో ఉరి అమలైపోతుంది.

బయటికి వస్తుంటే తెలుగువాడికి రాజమండ్రి గుర్తుకు రాకుండా ఉండదు. 1993 మార్చిలోనే చిలకలూరిపేట దగ్గర బస్సుకు నిప్పుపెడితే 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి ఖాయమైంది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష ఇవ్వలేదు. 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో ఉరికి ముహూర్తం పెట్టాక, ఆఖరి ఘడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. మరుసటి ఏడాది కొత్త రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, సాక్ష్యాలు అవే. మారింది సంతకం పెట్టే చెయ్యి ఒక్కటే.

మెమన్ కేసులోనూ అంతే. రెండు రోజుల కిందట, జూలై 28న, జస్టిస్ కురియన్ జోసెఫ్ క్యూరేటివ్ పిటిషన్ (తుది తీర్పును మళ్లీ చూడమని కోరే ఆఖరి అర్జీ) విచారణలో లోపం ఉందని ఉరి ఆపమన్నారు. పక్కనే కూర్చున్న జస్టిస్ అనిల్ దవే కాదన్నారు. ఫైలు ఒక్కటే, ఒకరి చేతిలో బతుకు, ఇంకొకరి చేతిలో చావు.

మన కోర్టు ఒక దోషి కోసం నిద్ర మానుకుంది. అందుకు గర్వపడాలి. కానీ ఎంత మేలుకున్నా, ధర్మాసనాన్ని బట్టి, రాష్ట్రపతిని బట్టి ఫలితం మారే చోట, దిద్దుకోలేని శిక్ష ఉండకూడదు. యావజ్జీవం వేస్తే పొరపాటును రేపైనా సరిచేయొచ్చు. బాధితులకు న్యాయం జరగాలి, దోషి జైల్లోనే ఉండాలి. ప్రాణం తీసే అధికారాన్ని మాత్రం రాజ్యం వదులుకోవాలి.