ఆడుమళయాళ దేశము: వీరేశలింగము గారి తలక్రిందుల లోకము



మా వేటపాలెమున నా చిన్ననాట రాత్రి భోజనములైన పిదప వీథి యరుగుల మీద కథలు జరుగుచుండెడివి. మా నాయనమ్మ చెప్పెడి కథలలో ఆడుమళయాళ దేశము రాని కథ యరుదు. ఆ దేశమునకు పోయిన మగవాడు తిరిగి రాడు. అచ్చట ఆడువారిదే రాజ్యము. వారందరును మంత్రగత్తెలు. వచ్చిన బాటసారిని పగలు పొట్టేలుగా మార్చి గుంజకు కట్టివేయుదురు. రాత్రి కాగానే మరల మనుష్యుని చేయుదురు. ఈ కథ విన్న రాత్రులలో నేను మా పెరటిలోని పొట్టేలు వంక చూచుటకు జంకుచుండెడివాడను. అది పూర్వజన్మమున ఏ యూరి పంతులో యని నా భయము.

పదునారేండ్ల ప్రాయమున సంస్కృతము చదువుచు, సాయంకాలము సారస్వత నికేతనమునకు పోవుట నా కలవాటయ్యెను. ఆ గ్రంథాలయము 1918లో వూటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారి పూనికతో వెలసినది. 1929లో గాంధి మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. మా యూరు గుంటూరు జిల్లాలో నుండెను, 1970లో ఒంగోలు జిల్లాలో చేరెను, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. గ్రంథాలయము మాత్రము ఎచ్చటికిని కదలలేదు. అచ్చట ఒకనాడు నా చేతికి కందుకూరి వీరేశలింగము పంతులు గారి “సత్యరాజా పూర్వదేశ యాత్రలు” వచ్చెను. తెరచి చూడగా ఆడుమళయాళమను పేరు కనబడెను. మా నాయనమ్మ పొట్టేళ్లు ఇందును దొరకునని యాశతో చదువ మొదలిడితిని. పొట్టేళ్లు దొరకలేదు. దొరికినది అంతకంటె బెదరించునది.

ఈ గ్రంథము ఎప్పుడు, ఏల పుట్టినదో మొదట మనవి చేసెదను. వీరేశలింగము గారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో వివేకవర్ధని పత్రికను నెలకొల్పిరి. 1879లో స్త్రీ పునర్వివాహమును గూర్చి బహిరంగముగా నుపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ దినములలో పంతులు గారి యింట వండుటకు వంటవారు రారైరి, నీళ్లు మోయుటకు పనివారు రారైరి. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తామే గోదావరి నుండి బిందెలతో నీళ్లు తెచ్చిరి. సంఘసంస్కరణ చరిత్రలు వ్రాయువారు ఉపన్యాసములను లెక్కించుదురు గాని ఆ బిందెలను లెక్కింపరు. ఇది ప్రక్కమాట, అయినను చెప్పకుండ పోలేకపోతిని.

ఆ పది పండ్రెండు సంవత్సరములలో పంతులు గారు శాస్త్రవాదము చేసి చేసి యలసిరి. వారు పరాశర స్మృతిని చూపిరి. ఎదుటివారు మనువును చూపిరి. వీరొక వ్యాఖ్యానము చెప్పిరి. వారు మరియొక వ్యాఖ్యానము తెచ్చిరి. నేనును పండితుల యొద్ద చదివినవాడనే కనుక ఈ విద్య లోగుట్టు నెరుగుదును. ప్రమాణము లేని యాచారము లేదు. వెదకినచో దేనికైనను ఒక శ్లోకము దొరకును. వాదమునందు గెలుపోటములు గొంతు బలమునకు లోబడి యుండును. కథ యట్టిది కాదు. కథకు ప్రతివాదము వ్రాయుట కష్టము. ఆడుమళయాళ దేశమున మగవారిని ఇట్లు చేయుదురని యొకడు చెప్పినప్పుడు దానిని ఏ స్మృతితో ఖండింపగలరు?

1891లో న్యాపతి సుబ్బారావు గారు చింతామణి యను మాసపత్రికను నెలకొల్పగా, వీరేశలింగము గారు దాని సంపాదకత్వము వహించిరి. సత్యరాజాచార్యుని యాత్రలు అందే ప్రకటితములయ్యెను. దీనికి మూలమైన యూహ ఆంగ్లకవి జోనాథన్ స్విఫ్టు 1726లో ప్రకటించిన గల్లివరు యాత్రలు. ఆ గ్రంథమున మరుగుజ్జుల దేశమొకటి కలదు. అచ్చట గ్రుడ్డును పెద్దకొన నుండి పగులగొట్టవలెనా, చిన్నకొన నుండి పగులగొట్టవలెనా యను వివాదముపై యుద్ధములు జరుగును. తమ దేశమున మతభేదముల కొరకు జరిగిన రక్తపాతమును స్విఫ్టు ఆ గ్రుడ్డులో చూపెను. పంతులు గారు దీనిని తెనిగింపలేదు. గ్రుడ్డును విడిచి మన యింటి గడపను పట్టుకొనిరి.

సత్యరాజు చేరిన యాడుమళయాళమున ఏలువారు స్త్రీలు. చదువు వారిది, అధికారము వారిది. పురుషుడు ఇల్లు కదలరాదు. వానికి చదువు చెప్పిన చెడిపోవునని పెద్దల నమ్మకము. మనకు పాతివ్రత్యమెట్లో అచ్చటివారికి పత్నీవ్రతము పరమధర్మము. భార్య గతించినచో సహగమనము చేయవలసినవాడు భర్త. సత్యరాజు ఇది యంతయు చూచి విస్తుపోవును. ఇదేమి యన్యాయమని వాపోవును. అచ్చటి విదుషీమణులు ఇది యనాదిగా వచ్చిన యాచారమనియు, పురుషుని మేలు కొరకే యేర్పడినదనియు వానికి సమాధానము చెప్పుదురు. చదువరికి ఆ సమాధానములన్నియు ఎచ్చటనో విన్నట్లుండును. ఎచ్చట విన్నది గుర్తునకు వచ్చునప్పటికి ముఖము చిన్నబోవును. పదునారేండ్ల వయసున నాకట్లే జరిగెను. మా అక్కను ఏడవ తరగతితో మాన్పించినప్పుడు మా యింట చెప్పిన మాట, ఆడుమళయాళమున మగపిల్లవాని గూర్చి చెప్పెడి మాట, ఒక్క తీరుననే యుండెను. అంతవరకు ఆ మాట నాకు వినబడియే యుండలేదు.

స్త్రీరాజ్యమను నూహ పంతులు గారు క్రొత్తగా కల్పించినది కాదు. జైమిని భారతమున ప్రమీల యేలెడి స్త్రీరాజ్యము కలదు. దానిని పదునైదవ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తెలుగు చేసెను. అందు ధర్మరాజు యాగాశ్వమును ప్రమీల పట్టి కట్టును. అర్జునుడు ఎదుర్కొనును. తుదకు ఆమె యర్జునుని వరించును, కథ సుఖాంతమగును. ఆ కథలో స్త్రీరాజ్యము ఒక వింత. వచ్చిన వీరుడు దానిని సరిదిద్దిపోవును. చదివినవాడు తన యింటికి తిరిగి వచ్చి తన పీటమీదనే కూర్చుండును. వీరేశలింగము గారి కథలో సరిదిద్దు వీరుడు లేడు. అందుచేతనే పీట కదలును.

ఆ తరువాత పదునారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయము కలదు. పురాణము నుండి యెత్తికొనక తానే కథను కల్పించుట ఆనాటికి గొప్ప సాహసము. అందు సుగాత్రీ శాలీనుల కథ నా కత్యంత ప్రియము. సుగాత్రి యెన్ని నగలు ధరించి వచ్చినను భర్త శాలీనునకు మనసు కరుగదు. అతడు తోటలో మన్ను త్రవ్వి, నీరు పోసి, పూలు పెంచుకొనువాడు. ఒకనాడు గాలివాన తోటను ముంచగా, ఆమె నగలు విడిచి, చీర చెక్కి, అతనితో కలిసి పనిలోనికి దిగును. అప్పుడు గాని ఆమె యతని కంటికి కనబడలేదు. ఆ దంపతులే వేఱు పేర్లతో వచ్చినప్పుడు భర్త స్త్రీయై, భార్య పురుషుడై, కళాపూర్ణుని కనుటయు ఆ కావ్యమందు కలదు. మన పండితులు శ్లేషలను విప్పి చూపి, ఈ భాగమును మాత్రము వింతకల్పన యని త్రోసివేయుదురు. నేనును చాలకాలమట్లే పాఠము చెప్పితిని.

పంతులు గారి గ్రంథమునకు పిదప పదునాల్గేండ్లకు, 1905లో, బంగాళ దేశపు ముస్లిం వనిత రొకెయా సఖావత్ హుసేన్ గారు ఆంగ్లమున సుల్తానా స్వప్నమను కథ వ్రాసిరి. అది ప్రకటితమైనది మన చెన్నపట్టణముననే, కమలా సత్యనాథన్ గారి సంపాదకత్వమున వెలువడెడి ఇండియన్ లేడీస్ మ్యాగజైనులో. ఆ కథలో పురుషులు మర్దానా యను లోగిళ్లలో నుందురు. స్త్రీలు విశ్వవిద్యాలయములు నడిపి, మేఘముల నుండి నీరు దింపి, సూర్యుని వేడిమిని కూడబెట్టి దానితోడనే శత్రుసేనను పారద్రోలుదురు. వీరేశలింగము గారు తలక్రిందులు చేసి, చూడుడు, ఎంత యన్యాయమో యని చూపిరి. రొకెయా గారు తలక్రిందులు చేసి, చూడుడు, ఎంత హాయిగా నున్నదో యని చూపిరి. పురుషుడు వ్రాసిన దానికిని, పరదాలో పెరిగిన స్త్రీ వ్రాసిన దానికిని ఆ భేదముండుట సహజమే. ఆమె 1911లో కలకత్తాలో ఆడుపిల్లల పాఠశాల నడిపిరి. 1932లో గతించు వరకు ఆ పని విడువలేదు.

ఇక పంతులు గారిపై నాకొక యభియోగము కలదు. మన యింటిలోని యపోహను కొట్టుటకు వారు పొరుగింటి మీది యపోహను కర్రగా పట్టుకొనిరి. మళయాళమనగా ఆడువారి యేలుబడి, మంత్రతంత్రములు అనునది మన తెలుగువారు దూరము నుండి అల్లిన కట్టుకథ. అచ్చట నాయరు మున్నగు కొన్ని కులములలో ఆస్తి తల్లివైపు నుండి సంక్రమించెడి మరుమక్కత్తాయమను పద్ధతి యుండిన మాట నిజము. అయినను ఆ యింటి పెత్తనము మేనమామది; అతనిని కారణవరు అందురు. ఆ యుమ్మడి కుటుంబ పద్ధతిని 1975 నాటి కేరళ చట్టము రద్దుచేసెను. మన కథలో మంత్రగత్తెలైన ఆ దేశపు స్త్రీలే తరువాతి కాలమున నర్సులై మన యాసుపత్రులకు వచ్చిరి. మా నాయనమ్మకు కడసారి సూదిమందు వేసినది ఒక మలయాళ సోదరి. ఆవిడ పోయిన పిదప నాయనమ్మ నన్ను దగ్గరకు పిలిచి, “ఈ పిల్ల ఎంత నెమ్మదస్తురాలురా, ఏ దేశమో పాపం,” అనెను. నేను చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు.

మనలను గూర్చి ఇతరులల్లిన కథలు లేకపోలేదు. గుంటూరువాడనగానే మిరపకాయ నమలువాడనియు, కోపధారియనియు పరదేశమున హాస్యమాడుదురు. ఆ మిరప అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసువారి యోడలలో మన దేశమునకు వచ్చిన పరదేశి యని నేను బదులు చెప్పుచుందును. నవ్వుదురు గాని నమ్మరు.

నా వృత్తికి సంబంధించిన యొక్క సంగతి చెప్పి ముగించెదను. నేను పనిచేసిన యొక యున్నత పాఠశాలలో తరగతి యూడ్చుట, నీళ్లు చల్లుట, ముగ్గులు పెట్టుట ఆడుపిల్లల పని. తరగతి నాయకత్వము, హాజరుపట్టీ తెచ్చుట, గ్రంథాలయమునకు పోయి పుస్తకములు మార్చి తెచ్చుట మగపిల్లల పని. ఈ యేర్పాటు చేసినది ఏ మనువును కాదు, నేనే. ఒకనాడు తొమ్మిదవ తరగతికి సత్యరాజు కథ చెప్పుచుండగా, ముందు వరుసలోని యొక పిల్ల చీపురు వంక చూచి నవ్వెను. ఆ నవ్వు నాకు తగిలెను. వారము దినములు పనులు తారుమారు చేసితిని.

మూడవ నాడు ఒక తండ్రి వచ్చెను. మగ్గము నేయువాడు, మర్యాదస్థుడు. “మా వాడి చేత చీపురు పట్టిస్తున్నారంట, బాగుందా మాస్టారూ?” అనెను. కూర్చుండబెట్టి యడిగితిని.

“మీ యింట్లో కండెలు ఎవరు చుడతారయ్యా?”

“మా ఇంటిదండీ.”

“ఆసు పోసేది?”

“మా అమ్మ.”

“నేసేదెవరు?”

“నేనే గదండీ.”

“సొసైటీ పుస్తకంలో పేరెవరిది?”

“నాదేనండీ,” అని యాగెను. కొంతసేపు బల్లమీది సుద్దపొడిని వ్రేలితో రాచుచుండెను. పిదప నమస్కరించి లేచిపోయెను. కొడుకు చేత చీపురు మాన్పింపుమని మరల యడుగలేదు; మాన్పింపవద్దనియు చెప్పలేదు.

శనివారము నాడు వారము ముగిసినదని, సోమవారము నుండి యథాప్రకారమని ప్రకటించితిని. ముందు వరుసలోని పిల్ల లేచి నిలుచుండి, “ఒక్క వారమేనా మాస్టారూ?” అని యడిగెను. గ్రంథాలయము నుండి ఆ వారము ఆమె తెచ్చిన పుస్తకము ఇంకను సగమే చదివినదట.

ఆ సంవత్సరము కడవరకు యథాప్రకారము కాలేదు. ఇంతకును, ఇది విన్న మీలో యెవరైనను మా యింట కాఫీ కాచునది ఎవరని నన్నడిగినచో, నా భార్య గూడ ఈ ప్రసంగము వినుచున్నది కనుక అబద్ధమాడు వీలు నాకు లేదు.