రెక్కకు వెన్నెముకైన రేకు

సంగం దగ్గర పెన్నపై 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన బ్యారేజీ గేటును వెనక వైపు నుంచి చూడండి. నీటికి ఎదురు నిలిచే పలకకు బలమిచ్చేవి దాని వెనక అడ్డంగా బిగించిన ఉక్కు దూలాలు. పైనా కిందా మందపాటి పట్టీలు, నడుమ నిలువు పలక. విమానం రెక్క పొడవునా సాగే స్పార్ కట్టుబడి కూడా ఇదే. గాలి రెక్కను పైకి ఎత్తేటప్పుడు పై పట్టీ నొక్కుడుకు, కింది పట్టీ లాగుడుకు గురవుతాయి. నడిమి పలక రెంటినీ కలిపి పట్టుకుంటుంది.

1903లో రైట్ సోదరుల స్పార్లు స్ప్రూస్ కర్రవి. లోహానికి దారి వేసినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ విల్మ్. అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, కాల్చి నీళ్లలో ముంచాడు. ముంచగానే మెత్తగా ఉన్న లోహం, ఏమీ చేయకుండా ఉంచితే రోజులు గడిచేకొద్దీ తనంతట తానే గట్టిపడింది. 1906 నాటి ఈ గమనికే డ్యూరాల్యుమిన్‌కు పుట్టుక. నా దృష్టిలో విమాన చరిత్రలో ఇంజను తర్వాత ఇంత పెద్ద మలుపు మరొకటి లేదు. హ్యూగో యుంకర్స్ 1915లో ఉక్కు రేకుతో విమానం కట్టి చూశాడు. బరువెక్కువైంది. 1919లో ఎగిరిన ఆయన ఎఫ్-13 ప్రయాణికుల విమానానికి డ్యూరాల్యుమిన్ వాడాడు. ఈ లోహానికి ఉప్పుగాలి పడదు. మన నెల్లూరు తీరం లాంటి చోట ఆ గాలి దాన్ని త్వరగా తినేస్తుంది. అందుకే 1920ల చివర్లో ఈ లోహానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అద్దిన రేకులు వచ్చాయి.

ఇదంతా ఫ్యాక్టరీల ముచ్చట. 1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్నీ ఔత్సాహిక విమాన నిర్మాతల ఈఏఏ సంఘాన్ని స్థాపించేనాటికి ఇళ్లలో విమానాలు కట్టేవాళ్లు ఎక్కువగా కర్ర, గుడ్డ, ఉక్కు గొట్టాలనే నమ్ముకున్నారు. 1964లో ఎగిరిన జాన్ థార్ప్ టి-18తో రేకుపని ఇంటి షెడ్డులోకి వచ్చింది.

రేకు అంచును పట్టీగా వంచే ఆ పని ఇలా సాగుతుంది. గట్టి కర్రతో రెండు అచ్చులు చేసి, వాటి మధ్య రేకును బిగిస్తారు. బయటికి పొడుచుకొచ్చిన అంచును మెత్తటి సుత్తితో కొద్దికొద్దిగా, పొడవునా సమంగా దిగ్గొడతారు. ఒకేచోట బాదితే రేకు సాగి అలలు తేలుతుంది. వంచిన రేకు కాస్త వెనక్కి లేస్తుంది కాబట్టి అచ్చును ఆ మేరకు ఎక్కువ వాలుగా చెక్కాలి. వంపు మొన తేలకూడదు. 2024-టి3 రకం రేకైతే మందానికి సుమారు మూడు రెట్ల వ్యాసార్ధమైనా ఉండాలి, లేకుంటే వంపు మీద పగులుతుంది. కత్తిరించిన అంచుల గరుకును ముందే ఆకురాయితో తీసేయాలి. కంటికి ఆనని చిన్న గీతే ఏళ్ల తరబడి కుదుపులకు పగులుగా పెరుగుతుంది. ఈ ఓపికను నేను రివెట్లు కొట్టే నైపుణ్యం కన్నా గొప్పదిగా చూస్తాను.

విమాన రూపకర్త క్రిస్ హైంజ్ తన జెనిత్ విమానాలకు కాస్త తేలిగ్గా వంగే 6061-టి6 రకం రేకును ఎంచుకున్నాడు. మరో రూపకర్త రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ చేసిన ఆర్‌వీ-3 విమానం 1971లో ఎగిరింది. ఆ కుటుంబంలో తర్వాత వచ్చిన కిట్లలో స్పార్‌ను ఫ్యాక్టరీలోనే తయారుచేసి పంపడం మొదలైంది. ప్రాణం ఆధారపడే భాగం కనుక ఆ మార్పు సబబే.

మన దేశంలో అమోల్ యాదవ్ ముంబైలో మేడమీద కట్టిన విమానాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు. హైదరాబాదు శివార్లలోని ఆదిబట్లలో టాటా-లాక్‌హీడ్ మార్టిన్ కర్మాగారం సి-130జె తోక భాగాలు చేస్తోంది. రేకును మలిచే చేతులకు ఇక్కడ కొదవ లేదు. కొరతంతా లోహానిదే. నెల్లూరు జిల్లా కొడవలూరు మండలం బొడ్డువారిపాలెం దగ్గర మేలు రకం అల్యూమినియం మిశ్రలోహాల కర్మాగారం కోసం ప్రభుత్వరంగ సంస్థలు నాల్కో, మిధాని కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్‌ను ఏర్పాటు చేశాయి. తలపెట్టిన సామర్థ్యం ఏడాదికి 60,000 టన్నులు. ఇంటి విమానానికి కావలసింది అందులో కొన్ని రేకులు మాత్రమే. ఆ కర్మాగారం వచ్చి అమ్మకాలు మొదలుపెడితే, టన్నుల్లో కొనేవాళ్లతో పాటు పరీక్ష పత్రంతో నాలుగు రేకులు అడిగేవాడికి కూడా ఒక కౌంటరు ఉండాలి.