ఎవరి నడుము, ఎవరి సీటు

మా వైపు ట్రాక్టరు బేరానికి వెళ్లినవాళ్లు ముందు హార్స్‌పవర్ అడుగుతారు, తర్వాత గంటకి డీజిల్ ఎంత తాగుతుందని అడుగుతారు. హైడ్రాలిక్ ఎంత బరువు లేపుతుంది, వాయిదా ఎంత పడుతుంది అన్నది ఆ తర్వాత. సీటు సంగతి అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వయసంతా కృష్ణా జిల్లాలో ట్రాక్టర్ల షెడ్డులో గడిపినవాణ్ణి. కొత్త బండి కొనేటప్పుడు చుట్టాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు. నేను బానెట్ ఎత్తే ముందు సీటెక్కి కూర్చుంటాను. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయొచ్చు, డ్రైవరు వెన్నుపూస అరిగితే నా షెడ్డులో దానికి స్పేరు పార్టు దొరకదు.

మొదటి రోజుల్లో ట్రాక్టరుకని విడిగా సీటు చేసినవాళ్లు లేరు. గుర్రాలు లాగే కోతయంత్రాల మీద ఉండే ఇనుప పళ్లెం సీటునే ఒక బద్ద స్ప్రింగు మీద బిగించి ఇచ్చారు. 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో మొదలైన హ్యారీ ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరు మూడు పాయింట్ల హైడ్రాలిక్‌తో వ్యవసాయం తీరునే మార్చింది. డ్రైవరు మాత్రం గేరుబాక్సుకి చెరోవైపు కాళ్లు వేసుకుని రేకు పళ్లెం మీదే కూర్చున్నాడు. ఆ వంశానికి చెందిన మాసీ ఫెర్గూసన్లు 1960ల్లో మద్రాసులో టాఫే కంపెనీ చేతుల మీదుగా మన ఊళ్లకు వచ్చాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా తెచ్చిన బీ275 కూడా ఆ దశాబ్దానిదే. ఆ బళ్ల సీటు మీద మడిచిన గోనెసంచి లేకుండా నేను చూడలేదు.

ట్రాక్టరు వెనక ఇరుసుకి కారుకున్నట్టు స్ప్రింగులుండవు. టైరులో గాలే స్ప్రింగు. ఆ గాలి మీద బండి సెకనుకి రెండు నుంచి అయిదు సార్లు ఎగిరిపడుతుంది. మనిషి వెన్ను ఎక్కువగా అదిరే వేగం కూడా సెకనుకి నాలుగైదు సార్లే. రెండూ కలిసినప్పుడు సీటు ఊగినదానికంటే నడుము ఎక్కువ ఊగుతుంది. దమ్ములోకి దిగిన బండిని చూడండి. ఇనుప చక్రాలు బురదను కోస్తుంటే డ్రైవరు మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంటాడు. గట్టు దాటే ముందు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని సీటు మీంచి లేచి నిలబడతాడు. దెబ్బను నడుముకి తగలనీయకుండా మోకాళ్ల మీద తీసుకుంటాడు. ఎవరూ నేర్పకుండానే మన డ్రైవర్లందరికీ వచ్చిన విద్య ఇది. మా మేనమామ దాళ్వాకీ సార్వాకీ అలా లేచి కూర్చుంటూనే ముసలివాడయ్యాడు. ఆఖరి రోజుల్లో కుడిచెవి దగ్గర అరిస్తే తప్ప వినపడేది కాదు ఆయనకి.

ఇక సీటు చుట్టూ కట్టే గది, అంటే క్యాబు కథ, అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. మా అమ్మాయి వాళ్లు అక్కడే ఉంటారు. వెళ్లినప్పుడు పాత యంత్రాల తిరునాళ్ల లాంటిదొకటి జరుగుతుంటే అల్లుడు తీసుకెళ్లాడు. పసుపు రంగు మిన్నియాపొలిస్-మోలిన్ యూడీఎల్ఎక్స్ అక్కడుంది. 1938 నాటిది. వెనకవైపు తలుపు తీసి లోపలికి ఎక్కాలి. ఇద్దరు కూర్చునే చోటు, హీటరు, రేడియో, అద్దం తుడిచే వైపరు, సిగరెట్ వెలిగించుకునే లైటరు కూడా ఉన్నాయి. పగలు దున్ని సాయంత్రం అదే బండిలో గంటకి నలభై మైళ్ల వేగంతో ఊళ్లోకి వెళ్లొచ్చన్నది కంపెనీ ఆలోచన. ధర రెండువేల డాలర్లకు అటూఇటూ. కరువు రోజుల నుంచి ఇంకా తేరుకోని రైతులు అంత డబ్బు పెట్టలేదు, దాదాపు 150 బళ్లతో తయారీ ఆగిపోయింది. మంచులో పనిచేసేవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఇంజిన్ చుట్టూ క్యాన్వాస్ గుడ్డ కట్టి, ఆ వేడి కాళ్ల మీదకి మళ్లించుకుని గడిపారు.

సీటును మాత్రం ఒక డాక్టరమ్మ బాగుచేసింది. జాన్ డీర్ కంపెనీ 1960 ఆగస్టులో డల్లాస్‌లో కొత్త తరం ట్రాక్టర్లను డీలర్లకు చూపించింది. వాటి సీటు రూపకల్పనలో సలహా ఇచ్చింది డాక్టర్ జానెట్ ట్రావెల్. నడుమునొప్పితో బాధపడే కెనెడీకి ఊగే కుర్చీ సూచించింది, తర్వాత శ్వేతసౌధంలో ఆయన వైద్యురాలైంది ఈమే. దేశాధ్యక్షుడి నడుమును చూసిన మనిషే పొలం దున్నేవాడి నడుమును కూడా చూసిందంటే నాకు ఆమె మీద గౌరవం రెట్టింపయింది. అయితే అమెరికాలో ట్రాక్టరు కొన్న రైతే చాలాచోట్ల దాన్ని తోలేవాడు కూడా. తన నడుము కోసం తనే డబ్బు పెట్టాడు. కూలికి తోలేవాడి తరఫున ఎవరు అడగాలి?

స్వీడన్‌లో చట్టం అడిగింది. తిరగబడ్డ ట్రాక్టరు కింద పడి చనిపోయేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. స్వీడన్ 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది, ఆ చావులు బాగా తగ్గిపోయాయి. చట్రం గట్టితనం చూడటానికి రెండు టన్నుల దిమ్మెను గొలుసులతో వేలాడదీసి, వెనక్కి లాగి దాని మీదకి వదిలేవారు. వంగినా పరవాలేదు, లోపల మనిషి కూర్చునే జాగా మిగలాలి. 1966లో జాన్ డీర్ తన రక్షణ చట్రం డిజైన్‌ను పేటెంటు రుసుము లేకుండా మిగతా కంపెనీలకు ఇచ్చేసింది. వ్యాపారంలో అలాంటి పని అరుదు, అందుకే చెబుతున్నాను. అమెరికాలో కూలివాళ్లు తోలే కొత్త బళ్లకు 1976 నుంచి చట్రం తప్పనిసరి అయింది. 1985 నుంచి ఇరవై హార్స్‌పవర్ దాటిన వాటన్నిటికీ కంపెనీలే చట్రం వేసి అమ్మడం మొదలుపెట్టాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది బ్రిటన్ అనుభవం. అక్కడ 1970 నుంచి, పనివాళ్లు తోలే కొత్త ట్రాక్టర్లకు రక్షణ క్యాబు ఉండాలన్నారు. కంపెనీలు ఇనుప చట్రానికి రేకులు, అద్దాలు బిగించి నేరుగా బండికి బోల్టు వేశాయి. తిరగబడితే మనిషి బతికాడు. కానీ ఇంజిన్, గేరుబాక్సు అదురు అంతా ఆ రేకుల్లోకి ఎక్కి క్యాబు డప్పులా మోగింది. ఆరుబయట కూర్చున్నప్పటి కంటే లోపలే మోత ఎక్కువ. ప్రాణం కాపాడిన క్యాబే చెవులు తినేసింది. దాంతో రెండో చట్టం తెచ్చారు. 1976 నుంచి కొత్త ట్రాక్టరులో డ్రైవరు చెవి దగ్గర మోత 90 డెసిబెల్స్ దాటకూడదన్నారు. అప్పుడు ఇంజనీర్లు క్యాబును బండి నుంచి విడదీశారు. నాలుగు మూలలా రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, లివర్లు వచ్చే కంతలకు రబ్బరు తొడుగులు వేసి, నేలకీ కప్పుకీ మెత్త అంటించారు. అట్లాంటిక్‌కి అవతల జాన్ డీర్ 1972లోనే సౌండ్‌గార్డ్ పేరుతో ఈ పని చేసి చూపించింది. ముందు వంపు తిరిగిన పెద్ద అద్దం, వడపోసిన గాలిని లోపలికి నెట్టే ఫ్యాను. లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు.

ఇవన్నీ పెద్ద బళ్లకు జరిగిన ముచ్చట్లు. చిన్న ట్రాక్టరు జపాన్‌ది. కుబోటా 1960లో టీ15 తయారుచేసింది, 1969లో ఇరవై ఒక్క హార్స్‌పవర్ ఎల్200ను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. చిన్న కమతాల కోసం పుట్టిన బండిని అక్కడ అయిదెకరాల స్థలంలో ఇల్లున్నవాళ్లు గడ్డి కోయడానికీ మంచు తొయ్యడానికీ కొన్నారు. క్యాబులు వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఇబ్బంది కొలతల్లో ఉంది. ఇంజిన్ డ్రైవరు మోకాళ్లకి మూరెడు దూరంలో ఉంటుంది, గేరుబాక్సు పాదాల కిందే. పెద్ద క్యాబులో పట్టే మెత్తా రబ్బరూ ఇందులో పట్టవు.

మా అమ్మాయి వాళ్లు అలాంటిదే కొనబోయారు. "మావయ్య గారూ, ఏసీ, హీటరు రెండూ ఉన్నాయి, ఇంకేం చూడాలి?" అన్నాడు అల్లుడు. "ముందు ఇంటికెళ్లి మీ చలికోటు, మంచు బూట్లు తెచ్చుకోండి బాబూ" అన్నాను. ఎండాకాలంలో టీషర్టుతో కూర్చుంటే ఏ క్యాబైనా విశాలంగానే ఉంటుంది. కోటు వేసుకుని ఎక్కేసరికి ఆయన మోచేయి తలుపు పిడికి తగిలింది, బూటు ఒకేసారి రెండు పెడళ్ల మీద పడింది. అమ్మాయి పొట్టి. సీటు పూర్తిగా ముందుకి జరిపినా బ్రేకు అందుకోవడానికి వీపు ఆనుడు వదిలేయాల్సి వచ్చింది. ఇద్దరూ తోలతారు కాబట్టి ఇద్దరూ కూర్చోవాల్సిందే.

తర్వాత తలుపులు మూసి, వెనక పనిముట్లను తిప్పే పీటీవో ఇరుసు నిమిషానికి 540 చుట్లకి వచ్చేదాకా ఇంజిన్ పెంచమన్నాను. ఖాళీగా తిరిగేటప్పుడు నిశ్శబ్దంగా ఉన్న క్యాబు ఒక వేగం దగ్గర గుయ్యిమంటుంది. ఆ వేగం పనిచేసే వేగం అయితే ఆ బండి వద్దు. టార్చి పట్టుకుని కిందికి దూరి నాలుగు రబ్బరు దిమ్మలూ చూశాను. ఒకటి ఓ పక్కకి నలిగి ఉంది, కప్పు మీద చేయి ఆనిస్తే ఆ మూల అదురు తెలుస్తోంది. సీటులోంచి వెనక్కి తిరిగి లింకు పిన్నులు కనపడతాయా, ముందు లోడరు బకెట్ అంచు కనపడుతుందా, అరగంట తర్వాత పాదాల కింద నేల ఎంత కాలుతోంది అన్నవి వాళ్లనే చూసి చెప్పమన్నాను. ఆ బండి వదిలేసి, కాస్త ధర ఎక్కువైనా, ఇద్దరికీ కుదిరిన ఇంకోటి తీసుకున్నారు.

మన దగ్గర ఈ కొలతలు లేవనుకోకండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో పెట్టిన కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తోంది. మన అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కూడా 1983 నుంచి అలాంటి సంస్థ ఉంది. బుద్నీ నివేదికలో డ్రైవరు చెవి దగ్గర మోత ఎంతో రాస్తారు, సీటు, స్టీరింగ్, కాళ్లు పెట్టే పలక ఎంత అదురుతున్నాయో మైక్రాన్లలో రాస్తారు. బేరానికి ముందు ఆ పేజీ అడిగి చదివిన కొనుగోలుదారు మా వైపు నాకు ఇంతవరకు తగల్లేదు. కొనేవాడు ఒకడు, తోలేవాడు ఇంకొకడు కావడమే దానికి కారణమని నా నమ్మకం. యజమాని బండి ధర చూస్తాడు. నడుము డ్రైవరుది. మనం వెల్డింగ్ షాపులో ఇనుప బద్దీలతో చేయించే టాపు ఎండకి పనికొస్తుంది, బండి కాలవలోకి తిరగబడితే నిలవదు.

ఈమధ్య నూజివీడు మామిడి తోటలోకి చిన్న ట్రాక్టరు కొంటూ అన్నగారి అబ్బాయి నన్ను పిలిచాడు. కొమ్మల కింద క్యాబు దూరదు కాబట్టి మడిచే రక్షణ బారు ఉన్న బండి చూద్దామన్నాం. "డ్రైవరుని తీసుకొచ్చావా?" అని అడిగాను. "వాడెందుకు బాబాయ్, కొనేది నేను కదా" అన్నాడు. తీసుకొస్తే గానీ షోరూము మెట్లెక్కనన్నాను. డ్రైవరు వచ్చి చెప్పులు విప్పబోతే వద్దని, పొలానికి వేసుకొచ్చే వాటితోనే ఎక్కమన్నాను. అతను క్లచ్ తొక్కి, వెనక్కి తిరిగి, మళ్లీ తొక్కి, "కాలు పూర్తిగా చాపాల్సి వస్తోందండీ, సాయంత్రానికి తొడ పట్టేస్తది" అన్నాడు. సేల్స్ కుర్రాడు సీటు కిందున్న బోల్టులు విప్పి రెండు కంతలు ముందుకి జరిపాడు. డ్రైవరు మళ్లీ ఎక్కాడు, ఈసారి మోకాలు స్టీరింగ్‌కి తగిలింది. పక్కనున్న ఇంకో మోడల్ ఎక్కించాం. అది కుదిరింది, బయానా దానికి ఇచ్చాం.