రేఖ, వర్తన, వర్ణము: చిత్రసూత్రము నుండి లేపాక్షి వరకు

దేవతాప్రతిమను నిర్మించే విధానాన్ని ఉపదేశించుమని వజ్రమహారాజు మార్కండేయ మహర్షిని ప్రార్థించిన ఘట్టం విష్ణుధర్మోత్తర పురాణ తృతీయఖండంలో ఉన్నది. మహర్షి వెంటనే కొలతలు చెప్పడు. చిత్రసూత్రం ఎరుగనివానికి ప్రతిమాలక్షణం బోధపడదంటాడు. అయితే చిత్రసూత్రమే చెప్పుమంటాడు రాజు. నృత్తశాస్త్రం లేక అది దుర్గ్రాహ్యమని, వాద్యం లేక నృత్తం, గీతం లేక వాద్యం తెలియరావని మహర్షి ప్రత్యుత్తరం. రూపం అడిగిన రాజు నాదం వద్దకు చేరవలసివచ్చింది! నిశ్చలమైన గోడపై చలనాన్ని చూపవలసినవాడు దృష్టిని, హస్తాన్ని, అంగవిన్యాసాన్ని నర్తకుని వద్దనే నేర్వాలి గదా.

ఈ ఖండంలో 35 మొదలు 43 వరకు గల తొమ్మిది అధ్యాయాలు చిత్రసూత్రమని ప్రసిద్ధి పొందాయి. తపోభంగానికి వచ్చిన అప్సరసల గర్వం అణచడానికి నారాయణ మహర్షి మామిడిరసంతో ఒక స్త్రీరూపాన్ని రచించగా ఊర్వశి ఉద్భవించిందని, ఆ విద్యనే ఆయన విశ్వకర్మకు ఉపదేశించాడని అందులోని కథ. ఈ పురాణం 1912లో ముంబాయి వేంకటేశ్వర ముద్రణాలయంలో అచ్చయింది. 1924లో స్టెల్లా క్రామ్రిష్ విదుషి ఈ ఖండానికి ఆంగ్లానువాదం వెలువరించిన పిమ్మట కళాచరిత్రకారుల దృష్టి దీనిపై నిలిచింది.

మొదట ప్రమాణం. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని పురుషులు ఐదు విధాలు. వారి ఔన్నత్యం క్రమంగా 108, 106, 104, 100, 90 అంగుళాలు. ఇక్కడి అంగుళం బజారులోని కొలబద్ద మీది అంగుళం కాదు. ఎవరి రూపానికి వారి అంగుళమే మానం. అందుచేత బిత్తి ఎంత పెద్దదైనా, తాళపత్రం ఎంత చిన్నదైనా అవయవాల పరస్పర సంబంధం మారదు. ప్రమాణమంటే పరిమాణం కాదు, అనుపాతం. ఈ భేదం మరచినందువల్లనే నేటి కొన్ని గోపుర శిల్పాలలో శిరస్సు ఒక కొలతకు, పాదం వేరొక కొలతకు చెందినట్లు కనిపిస్తున్నది.

పిమ్మట గ్రంథంలో రమణీయమైన విచారం ఒకటి వస్తుంది. చిత్రంలో దేనిని చూచి మెచ్చాలి? ఆచార్యులు రేఖను ప్రశంసిస్తారు, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణాన్ని, ఇతరజనులు వర్ణసమృద్ధిని. మహర్షి వీరిలో ఎవరినీ తక్కువచేయడు. అందరి చిత్తాన్నీ ఆకర్షించేలా రచించమనే చెబుతాడు. అయినా రేఖను ఆచార్యుల పక్షాన నిలపడంలోనే ఆయన మనోగతం తెలుస్తున్నది.

వర్తన అంటే ఛాయను క్రమంగా చిక్కబరచి, పలచబరచి సమతలంపై ఉబ్బును, లోతును తోపింపజేయడం. అది పత్రజం, ఐరికం, బిందుజం అని మూడు విధాలు: ఆకు ఈనెలవంటి గీతలతో ఒకటి, అతి సూక్ష్మమైన గీతలతో ఒకటి, చుక్కలతో మరొకటి. అజంతా మొదటి గుహలోని పద్మపాణి ముఖాన్ని చూచినవారికి వర్తనను వేరుగా వివరించనక్కరలేదు. నిద్రించేవానిలో చైతన్యాన్ని, మృతునిలో దాని లేమిని చూపగలవాడు, తరంగాన్ని, జ్వాలను, ధూమాన్ని గాలివాటున కదలాడేలా గీయగలవాడు చిత్రవేత్త అని గ్రంథం పెట్టిన పరీక్ష చాలా కఠినమైనది.

వర్ణవిషయంలో భరతముని నాట్యశాస్త్రం స్పష్టంగా ఉన్నది. సితం, నీలం, పీతం, రక్తం అని నాలుగే స్వభావవర్ణాలు. పీతనీలాల కలయిక హరితం, సితరక్తాల కలయిక పద్మవర్ణం. తక్కినవన్నీ ఇట్టి సంయోగాలే.

తెలుగునేలపై ఈ విద్య సజీవంగా కనిపించే స్థానం లేపాక్షి వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల పాలనాకాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పోషణలో వర్ధిల్లిన ఈ ఆలయపు మండపాల పైకప్పులపై కిరాతార్జునీయం, పార్వతీకల్యాణం, మనునీతి చోళుని కథ చిత్రితమై ఉన్నాయి. అజంతాను చూచి వచ్చినవారికి ఇక్కడ మొదట ఒక లోటు తోస్తుంది: వర్తన దాదాపు లేదు. జేగురు ఎరుపు నేపథ్యంపై రంగులు చదునుగా పరచుకొని ఉంటాయి. కొంతమంది దీనిని క్షీణతగా లెక్కించారు. అది తొందరపాటు నిర్ణయం. మెడ పైకెత్తి, మండపపు మసక వెలుగులో, దూరం నుండి చూడవలసిన చిత్రానికి సూక్ష్మఛాయ ఏమి ఉపకరిస్తుంది? అక్కడ చూపును నిలిపేది రేఖ. లేపాక్షి చిత్రకారుడు వర్తనను విడిచి, నల్లని అంచురేఖకు సర్వభారాన్ని అప్పగించాడు. కోసుగా నిలిచిన కుళ్ళాయిలు, చీరలపై మళ్ళీ మళ్ళీ వచ్చే అల్లికలు, ఒకే దిక్కుకు తిరిగి వరుసగా నిలిచిన పరివారం, ఇవన్నీ తాళం తప్పని ఆవృత్తులు. గీతం నుండి మొదలుపెట్టమన్న మహర్షి మాట ఇక్కడ కంటికి కనబడుతుంది.

జీర్ణోద్ధరణ పేరిట ప్రాచీన బిత్తిచిత్రాలపై సున్నం పూసిన ఆలయాలు దక్షిణదేశంలో అనేకం. మరికొన్నిచోట్ల భక్తులే చందాలు వేసుకొని మెరిసే నూనెరంగులు పూయించారు. వారి భక్తిని శంకించనక్కరలేదు. వర్ణసమృద్ధిని కోరే ఇతరజనులను మహర్షి ముందే ఎరుగును. అయితే అంచురేఖ అన్ని రంగుల తరువాత, అన్నిటికంటె పైన గీచినది. తరువాతి కాలంలో ఆ సున్నాన్ని ఎంత మెల్లగా గీకి తీసినా, అడుగున ఉన్న ఎరుపు, పసుపు కొంత మిగలవచ్చును గాని, ఆచార్యులు మెచ్చిన ఆ రేఖయే ముందుగా సున్నంతో ఊడివస్తుంది.