మోర్‌బాత్ చర్చి జమాఖర్చులు

ఎవరింట్లో ఏ పునీతురాలి గొర్రె మేస్తోంది, ఏది ఈనింది, ఏది చచ్చింది, ఉన్ని ఎంతకు పోయింది... ఒక చర్చి చరిత్ర ఇలాంటి లెక్కలతో మొదలవుతుందని మనం అనుకోం. చర్చి అనగానే గంట గోపురం, రంగుటద్దాల కిటికీలు, రాతి సమాధులు కళ్ల ముందుకొస్తాయి. ఇంగ్లండ్‌లో అలాంటి చర్చిలకు కొదవ లేదు. కానీ ఆ గోడల మధ్య మామూలు రైతు, అతని భార్య, పెళ్లికాని పిల్లలు ఏం చేశారో, దేనికి డబ్బు కూడబెట్టారో, ఏది పోతే కుమిలిపోయారో చెప్పగల చర్చిలు చాలా తక్కువ. మోర్‌బాత్‌లోని పునీత జార్జి చర్చి ఆ కొద్దిపాటి వాటిలో ఒకటి.

డెవన్ ప్రాంతంలో, ఎక్స్‌మూర్ కొండలకు దక్షిణపు అంచున ఉంటుందీ ఊరు. 16వ శతాబ్దంలో అక్కడున్నవి 33 గడపలు. జనం 150 మంది దాకా. గొర్రెలే వాళ్ల బతుకుతెరువు. 1520లో క్రిస్టఫర్ ట్రిక్కీ అనే ఆయన ఆ విచారణకు, అంటే ఆ ఊరి చర్చి పరిధికి, గురువుగా వచ్చాడు. చనిపోయేదాకా, అంటే 54 ఏళ్లు, అక్కడే ఉన్నాడు. చర్చి పద్దులన్నీ ఆయన దస్తూరీలోనే ఉన్నాయి. లెక్కలు పెట్టాల్సింది చర్చి సొమ్ము చూసుకునే, ఏటా మారే వార్డెన్లు. రాసిపెట్టేది మాత్రం ఈయనే. అందుకే పద్దుల్లో ‘నేను’ అన్న చోట మాట్లాడేది చాలాసార్లు వార్డెను. ఆ లెక్కలను ఊరందరి ముందూ పైకి చదివేవారు. అందుకే అవి అంకెల చిట్టాలా ఉండవు. డెవన్ యాసలో ఒక మనిషి ఎదురుగా నిలబడి చెబుతున్నట్టుంటాయి.

ఆ చర్చిలో ఒక్క హుండీ కాదు, చాలా నిధులుండేవి. యేసు పేర ఒకటి, మరియ మాత పేర ఒకటి, పునీత సిడ్వెల్ పేర ఒకటి. పెళ్లికాని కుర్రాళ్లది వేరు, అమ్మాయిలది వేరు. ఒక్కో నిధి ఒక్కో దీపానికి, ఒక్కో స్వరూపం ముందు వెలిగే కొవ్వొత్తులకు. ఆ మైనం ఖర్చు కోసమే గొర్రెలు. పునీతుల గొర్రెలు చర్చి ఆవరణలో ఉండవు. తలా ఒకటో రెండో ఊళ్లోవాళ్ల మందల్లోనే కలిసి మేసేవి. మన పల్లెల్లో దేవుడి మాన్యం ఎలాగో, అక్కడ దేవుడి గొర్రె అలాగ. ఒకాయన పోతూ పోతూ తన తేనెపట్టును దీపం కోసం చర్చికి రాసిచ్చాడు. ఇవి కాక బార్లీతో ఏల్ అనే బీరు కాచి, చర్చి పక్కనున్న ఇంట్లో ఊరందరికీ పోసి డబ్బు రాబట్టేవాళ్లు. చర్చికి ప్రధానమైన రాబడి ఆ విందే.

సిడ్వెల్ ఎక్సెటర్ పట్టణపు పునీతురాలు. కొడవలితో తల నరికి చంపారని అక్కడి కథ. ఆమె స్వరూపాన్ని మోర్‌బాత్‌కు తెచ్చింది ట్రిక్కీయే. వచ్చిన ఏడాదే తన సొంత డబ్బు పెట్టి చేయించాడు. ఊరికి ఆమె కొత్త. కానీ కొన్నేళ్లలోనే జపమాలలు, ఉంగరాలు ఆమెకు కానుకలుగా రావడం మొదలైంది. కాలికి వెండి చెప్పు కూడా అమరింది. 1534 నవంబరులో ఒక రాత్రి దొంగ నిచ్చెన వేసుకుని చర్చిలో దిగి, పూజకు వాడే వెండి పాత్రతో పాటు ఆ చెప్పునూ ఎత్తుకుపోయాడు. అప్పుడు ఊళ్లోని కుర్రాళ్లు, అమ్మాయిలు ఒక్కచోట చేరి, తమలో తాము చందాలు వేసుకుని కొత్త పాత్ర కొనిచ్చారు. విచారణ నిధి నుంచి పైసా తీసుకోలేదు. గురువు ఆ సంగతిని ఎంత మురిసిపోతూ రాసుకున్నాడో ఆ వాక్యం చదివితే తెలిసిపోతుంది.

ఆయనకు ఇంకో కోరిక ఉండేది. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజలో తొడుక్కోవడానికి నల్లని పూజా వస్త్రాలు కావాలి. ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు శుద్ధి పొందే చోట, ఉన్న తన ఊరివాళ్ల ఆత్మల కోసం ప్రార్థించడం ఆయన దృష్టిలో గురువు చేయాల్సిన పనుల్లోకెల్లా పెద్దది. చర్చి గొర్రెల నుంచి తనకు రావాల్సిన వాటాను 1528 నుంచి వదులుకుంటూ, ఆ డబ్బును పక్కన పెట్టించాడు. ఏటా కొన్ని పెన్నీలు. దాదాపు ఇరవై ఏళ్లకు, 1547లో, 6 పౌండ్ల 5 షిల్లింగులకు ఆ వస్త్రాలు వచ్చాయి.

అదే ఏడాది రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాడు. అతని తొమ్మిదేళ్ల కొడుకు ఎడ్వర్డ్ పేరు మీద పాలన చేసినవాళ్లు చనిపోయినవాళ్ల కోసం చేసే పూజల మూలాన్నే చట్టంతో తెంచేశారు. ఇరవై ఏళ్లు ఆగి కొనుక్కున్న వస్త్రాలకు పని లేకుండా పోయింది. ఈ రెండు పద్దులు ఒకదాని వెనక ఒకటి చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

అంతకుముందు హెన్రీ కాలంలోనే మతంలో మార్పు మొదలైంది. 1536లో పక్కనున్న బార్లించ్ మఠం మూతపడితే, అక్కడి కిటికీ ఒకటి అద్దం, ఇనుము, రాయితో సహా మోర్‌బాత్‌కు వచ్చింది. 1538లో పునీతుల ముందు దీపాలు పెట్టొద్దన్నారు. ఎడ్వర్డ్ రోజుల్లో మాత్రం చర్చి నిలువునా ఖాళీ అయింది. స్వరూపాలు పోయాయి, బలిపీఠం పోయింది. నిధులు రద్దయ్యాయి కాబట్టి గొర్రెలూ పోయాయి. ఏల్ విందులు ఆగాయి. పూజా వస్త్రాలు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ఊళ్లోవాళ్ల ఇళ్లకు చేరాయి. 1548లో ఈ గడ్డు లెక్కలు చూడాల్సివచ్చిన వార్డెను లూసీ సీలీ అనే స్త్రీ. మరుసటి ఏడు ఐదుగురు మనుషులకు విచారణ డబ్బిచ్చి పంపినట్టు ఒక పద్దు ఉంది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

1553లో మేరీ రాణి అయింది, పాత కతోలిక మతం తిరిగొచ్చింది. అప్పుడు తెలిసింది, ఊరు ఎన్ని దాచిందో. ఎడ్వర్డ్ మనుషులు తీయించేసిన స్వరూపాల్లో కొన్ని, వస్త్రాలు కొన్ని ఇళ్లలోంచి బయటికొచ్చి మళ్లీ చర్చికి చేరాయి. ఎడ్వర్డ్ కాలమంతా చర్చి చిక్కిపోతూ వచ్చిందని, మేరీ కాలంలో తేరుకుందని ట్రిక్కీ రాశాడు. అయిదేళ్లు తిరిగేసరికి ఎలిజబెత్ వచ్చింది. మళ్లీ లాటిన్ పోయి ఇంగ్లీషు ప్రార్థనలే. ట్రిక్కీ వెళ్లిపోలేదు. తాను జ్ఞానస్నానాలిచ్చిన పిల్లలు పెద్దవాళ్లై తమ పిల్లల్ని తెస్తుంటే, వాళ్లకు కొత్త పుస్తకంలోంచే ప్రార్థనలు చదివాడు. ఆయనను పిరికివాడంటారో, రాజీపడ్డాడంటారో నాకు తెలియదు. నా కంటికి మాత్రం ఆయన తన ఊరిని విడిచిపెట్టలేని మనిషి. 1574లో చనిపోతే ఆ చర్చిలోనే, బలిపీఠం ఉండే భాగంలో పాతిపెట్టారు.

ఇవాళ అక్కడికి వెళితే ఆయన ఎరిగిన చర్చి దాదాపు కనపడదు. 1870ల్లో విలియం బటర్‌ఫీల్డ్ అనే పేరున్న వాస్తుశిల్పి దాన్ని బాగు చేయించాడు. గంట గోపురం మీద రెండు వైపులా వాలిన ఇంటికప్పు లాంటి పైకప్పు ఆయన పెట్టించిందే. సిడ్వెల్ స్వరూపం లేదు. మిగిలింది పద్దులే. ఆ విచారణలోనే తర్వాత గురువుగా పనిచేసిన బిన్నీ అనే ఆయన ఓపికగా వాటిని ఎత్తిరాసి 1904లో అచ్చు వేయించాడు.

ఆ అచ్చులో 1549 పద్దు దగ్గర ఒక మాట పొరపాటుగా పడింది. ఇందాక చెప్పిన ఆ ఐదుగురినీ ‘సెంట్ డెనిస్ డౌన్’ అనే చోటికి పంపినట్టు చదువుకున్నారు. అది ఎక్కడో, ఎందుకో ఎవరికీ పట్టలేదు. చరిత్రకారుడు ఈమన్ డఫీ అసలు ప్రతి చూస్తే అది డెనిస్ కాదు, ‘డేవిస్’. సెయింట్ డేవిడ్స్ డౌన్ అంటే ఎక్సెటర్ గోడల బయటి మెట్ట. 1549 జూన్‌లో ఇంగ్లీషు ప్రార్థనా పుస్తకాన్ని బలవంతంగా అమల్లో పెట్టగానే డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. జూలై 2 నుంచి ఆగస్టు 6 దాకా ఎక్సెటర్‌ను ముట్టడించారు. ఆ మెట్ట మీదే తిరుగుబాటుదార్ల శిబిరం. ఆగస్టు ముగిసేలోపు రాజు సైన్యం వాళ్లను ఊచకోత కోసింది. అంటే 33 గడపల ఊరు, రాజు ఆజ్ఞలన్నిటికీ తలవంచినట్టే కనిపించిన ఊరు, ఐదుగురిని ఆయుధాలిచ్చి, తలా 6 షిల్లింగుల 8 పెన్నీలు చేతిలో పెట్టి ఆ యుద్ధానికి పంపింది. డఫీ ఈ సంగతిని 2001లో ‘ద వాయిసెస్ ఆఫ్ మోర్‌బాత్’ అనే పుస్తకంలో బయటపెట్టాడు.

ట్రిక్కీ ఆ పద్దును చెరిపేయలేదు. పేర్లతో సహా ఉంచాడు. విలియం హర్లీ, థామస్ బరేజ్, జాన్ టైమ్‌వెల్, క్రిస్టఫర్ మోర్స్, రాబర్ట్ జేర్.