రెండు నంబర్ల బండి

బండి ఆర్.సి. బుక్కులో రెండు నంబర్లుంటాయి. ఒకటి ఛాసిస్‌ది, రెండోది ఇంజనుది. అనుమతి లేకుండా ఈ రెండూ ఒకరినొకరు వదలకూడదని ఇవాళ్టి చట్టం. కానీ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి నేలల మీద తిరిగిన బండ్ల చరిత్ర రాయాలంటే, ఈ రెండు నంబర్లూ విడిపోయిన కథే రాయాల్సి వస్తుంది. పాత కారులోకి వేరే ఇంజను, అందులోనూ టర్బో ఇంజను దించడం అనగానే మనకి యూట్యూబ్ వీడియోలు, పొగ కక్కుతూ దూసుకుపోయే కుర్రాళ్లు గుర్తొస్తారు. సరదా సంగతి తర్వాత. మొదట ఉన్నది డబ్బు లెక్క.

అంబాసిడర్‌నే తీసుకోండి. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన ఆ బాడీ 1950ల చివర్లో కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారా చేరింది. 2014 మే దాకా అక్కడే తయారైంది. గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, ఆ గుండ్రటి ఆకారం మాత్రం అలాగే ఉంది. లోపలి ఇంజను సంగతి అలా కాదు. చాలాకాలం నడిచింది 1489 సీసీ బ్రిటిష్ పెట్రోలు ఇంజను. 1980 ప్రాంతంలో అదే సీసీ డీజిల్ ఇంజనొచ్చింది. మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు ఇదేనని చెప్తారు. బలం 40 హార్స్‌పవర్ కూడా లేదు. ఎత్తెక్కాలంటే ఆయాసపడేది, కానీ కిరాయికి తిప్పుకునేవాడికి మిగులు చూపించింది. 1990ల మొదట్లో జపాన్ ఇసుజు కంపెనీ డిజైన్ చేసిన 1817 సీసీ పెట్రోలు ఇంజను, దాంతోపాటు ఐదు గేర్లు వచ్చాయి. ఆ తర్వాత ఇసుజుదే రెండు లీటర్ల డీజిలు. అంటే పాత బాడీలో కొత్త ఇంజను దించే పని ఫ్యాక్టరీయే చేసింది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

జీపు కథ ఇంకా దగ్గరిది. అమెరికన్ విల్లీస్ జీపుని మహీంద్రా వాళ్లు ఇక్కడ పెట్రోలు ఇంజనుతోనే మొదలుపెట్టారు. 1970ల మధ్యలో దానికి డీజిల్ ఇంజను కావాల్సొస్తే, వెతుక్కుంటూ ఎక్కడికో పోలేదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి తాము తయారు చేస్తున్న బీ-275 ట్రాక్టరు ఇంజనునే జీపుకి తగ్గట్టు మలిచి పెట్టారు. సీజే 500డీ అనే మోడల్లో వచ్చిన 2350 సీసీ ఇంజను అదే. దుక్కి దున్నే ఇంజనే కూలీలని పత్తి తీతకి తోలే బండిలోకీ వచ్చిందన్నమాట. తర్వాత కొన్నేళ్లకి దాని స్థానంలో ఫ్రాన్సు ప్యూజో డీజిల్ ఇంజను వచ్చింది.

ఫ్యాక్టరీ ఇంత చేసినప్పుడు షెడ్డు ఊరుకుంటుందా? పెట్రోలు అంబాసిడర్‌ని డీజిలుకి మార్పించడం, అందులోకి మెటాడోర్ వ్యాన్ ఇంజను దించడం ఒకప్పుడు దేశమంతా తెలిసిన పనే. గుంటూరు వాళ్లకి కృష్ణ దాటితే విజయవాడ ఆటోనగర్. 1960ల్లో ఏర్పడ్డ ఆ పేట దక్షిణ కోస్తా బండ్లన్నిటికీ ఆసుపత్రి. అక్కడ దొరకని పార్టుండదు, దొరక్కపోతే లేతు మీద పుట్టిస్తారు.

ఎందుకు మార్పించేవాళ్లు? మొదటి కారణం ధర. 2014 అక్టోబరు దాకా డీజిలు రేటు ప్రభుత్వం చేతిలో ఉండేది, పెట్రోలు కంటే బాగా తక్కువ. రెండోది పంట. ఇక్కడ కిరాయి బండికి రాబడి సీజన్లో వస్తుంది: దసరా తర్వాత పత్తి, సంక్రాంతి దాటాక మిర్చి, ఎండాకాలంలో గుంటూరు యార్డు. సీజను పోతే ఏడాది పోయినట్టే. 1987-88లో తెల్లదోమ, అప్పులు కలిసి పత్తి రైతుల ఆత్మహత్యల దాకా తీసుకెళ్లింది ఈ రెండు జిల్లాలనే. అలాంటి చోట కొత్త బండికి కొత్త అప్పు చేయడం కంటే, ఉన్న బండికి సెకండ్‌హ్యాండ్ ఇంజను వేయించుకోవడం తెలివైన పని. బాడీ బాగుంటే బండి బతికున్నట్టే.

ఆ పని చెప్పినంత తేలిక కాదు. కొత్త ఇంజను వెనక భాగం పాత గేరుబాక్సు మూతికి అతకదు. మధ్యలో ఇనప ప్లేటు కోసి, రెండు వైపులా రెండు రకాల బోల్టు రంధ్రాలు వేయాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ అదురుతుంది, బేరింగులు పోతాయి. డీజిల్ ఇంజను బరువెక్కువ కాబట్టి ముందు సస్పెన్షన్ గట్టి చేయాలి. రేడియేటరు పెద్దది కావాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కోసి, మళ్లీ అతికి, బ్యాలెన్సు చూసుకోవాలి. ఈ లెక్కలన్నీ కాగితం మీద ఉండవు, మేస్త్రి వేళ్లలో ఉంటాయి.

టర్బో వచ్చాక లెక్క మారింది. టర్బో ఆలోచన పాతదే, స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సరు దారిలో వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పు, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో ఇంజనులోకి గాలి కుక్కు. గాలి పెరిగితే ఇంధనమూ ఎక్కువ కాలుతుంది, అదే సైజు ఇంజను ఎక్కువ బలమిస్తుంది. కానీ ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి, పొగ వేడిలో ఉడుకుతూ. వాటిని కాపాడేది ముఖ్యంగా ఇంజనాయిలే. మే నెల గుంటూరు ఎండలో, గాలి ఫిల్టరు సరిగ్గా లేని బండిలో, రోడ్డు దుమ్ము ఆ రెక్కల్ని ఇసక కాగితంలా అరగదీస్తుంది. ట్రాక్టరు ఆయిల్‌బాత్ ఫిల్టరుతో ఏళ్లు లాగిన ఇంజనుకీ దీనికీ పోలికే లేదు.

అసలు చిక్కు బ్రేకుల దగ్గరుంది. 70 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 100కి చేరితే, ఆపడానికి అణచాల్సిన శక్తి రెట్టింపవుతుంది. పాత అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. 40 హార్స్‌పవర్‌కి సరిపోయిన బ్రేకు, గేరుబాక్సు, వెనక ఇరుసు 100 హార్స్‌పవర్‌కి సరిపోవు. మంచి మేస్త్రికి ఇది తెలుసు, బ్రేకులూ మార్చాలంటాడు. ఆ డబ్బులు పెట్టని ఓనరుకీ తెలుసు. తెలియనిది వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే.

2000 తర్వాతొచ్చిన కామన్‌రైల్ టర్బో డీజిళ్లు ఇంకో గోడ కట్టాయి. వాటిని నడిపేది కంప్యూటరు. ఇంజను దించడం తెలిసిన చేతికి వైరింగూ రావాలి, తాళం వేసిన కోడూ తెరవాలి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ గోడ బాగా పరిచయం. పార్టు చేతిలో ఉంటుంది, దాన్ని మాట్లాడించే హక్కు మాత్రం కంపెనీ దగ్గరుంటుంది.

చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మొదట అడిగింది ఒక్కటే: ఆర్.సి.లో రాసిందానికి తేడా వచ్చే మార్పయితే చెప్పి, అనుమతి తీసుకో. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూసి, ఒప్పుకుంటే కొత్త నంబరు బుక్కెక్కేది. 2000లో సవరణతో కొలబద్ద మారింది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకి తేడా రాకూడదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. ఇంధనం మార్చడానికి మాత్రం సవరణలోనే ఒక తలుపు తెరిచి ఉంచారు: గ్యాసు, బ్యాటరీ లాంటి వాటికి కన్వర్షన్ కిట్లు షరతులకి లోబడి బిగించుకోవచ్చు.

బ్రేకుల విషయంలో చట్టం ముమ్మాటికీ న్యాయం. దొంగతనంగా టర్బో దించిన బండి గుద్దుకుంటే, కాగితాలు కలవలేదని ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు మునిగేది బండివాడే. కానీ 2000కి ముందు ప్రశ్న ‘ఈ బండి రోడ్డు మీద సురక్షితమా?’ అని. తర్వాత ప్రశ్న ‘కంపెనీ ఇలాగే చేసిందా?’ అని. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి బండిని చూసి మేస్త్రి కూడా జవాబు చెప్పగలడు. రెండోదానికి అతని దగ్గర జవాబే ఉండదు. ఉత్తర్‌పారాలో ఇసుజు ఇంజను దించితే కొత్త మోడలయింది, ఆటోనగర్‌లో దించితే నేరమయింది. రెండుచోట్లా అడగాల్సింది బ్రేకుల గురించే.

ఉత్తర్‌పారా మూతపడ్డ నెలకి ‘ఆటోనగర్ సూర్య’ సినిమా విడుదలైంది. మెకానిక్‌ని హీరోగా చూడటానికి మనకి అభ్యంతరం లేదు. అతను కోసిన ప్లేటుని పరీక్షించి, బాగుంటే బాగుందని ముద్ర వేసే ఆఫీసు మాత్రం జిల్లాలో లేదు. రేపు డీజిలు ఇంజను తీసి మోటారు, బ్యాటరీ పెట్టే రోజులొస్తున్నాయి. అప్పుడూ పాత గేరుబాక్సుకీ కొత్త మోటారుకీ మధ్య ఒక ప్లేటు కావాలి, దాన్ని కోసేది ఈ లేతుల మీదే. ఆ పని మళ్లీ షెడ్డు వెనక చీకట్లో జరగాలా, ఆర్.సి. బుక్కులోకి ఎక్కే దారి ఉండాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.